పెద్ద కంపెనీ ఇంటర్వ్యూ రాయగడ నుంచే ఇవ్వవచ్చా?

రాయగడ కుర్రాడు
ఒక పెద్ద కంపెనీలో ఇంజనీరు ఉద్యోగానికి మొదటి వడపోత దాటాను. వచ్చే వారం ఒకే రోజు వరుసగా రౌండ్లు, అన్నీ వీడియోలోనే. కోడు రాయడానికి జావా నయమా, పైథాన్ నయమా? సిస్టమ్ డిజైన్ (పెద్ద సాఫ్ట్‌వేర్‌ను ఏ భాగాలతో, ఎలా కట్టాలన్నది) ఎంత చదవాలి? మా వీధిలో చినుకు పడితే కరెంటు పోతుంది. హైదరాబాద్ వెళ్ళి కూర్చోవాలా?

మహేంద్రతనయ
ఎక్కడికీ వెళ్ళకండి. నేను పర్లాకిమిడి నుంచే ఇచ్చాను, ఉద్యోగం వచ్చింది. అందరూ ఇన్వర్టరుకు ల్యాప్‌టాప్ తగిలిస్తారు. దానికి సొంత బ్యాటరీ ఉంది కదా! తగిలించవలసింది రౌటర్. కోడు రాస్తుండగా కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, చెమటలు కారాయి. అవతలివారికి ఏమీ తెలియలేదు. ఫోనులో వేరే కంపెనీ సిమ్ కూడా ఉంచుకోండి, ఒక్కోసారి వీధి చివరి ఇంటర్నెట్ పెట్టెకే కరెంటు ఉండదు.

సిరొంచ వాసి
కరెంటు సంగతి అలా ఉంచండి. ఆలోచన పైకి చెబుతూ రాయాలి, అసలు కష్టం అది. మరాఠీ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడేవాణ్ణి ఇంగ్లీషులో గడగడా చెప్పమంటే గొంతు పట్టేస్తుంది. నన్ను బైనరీ సెర్చ్ (క్రమంలో పేర్చిన శ్రేణిని సగానికి సగం తగ్గిస్తూ వెతకడం) అడిగారు. మధ్య స్థానం కోసం మొదటి స్థానం 'లో', చివరి స్థానం 'హై' కూడి రెండుతో భాగించాను. "సంఖ్యలు పెద్దవైతే?" అంటూ ఆ ఒక్క వరుస మీదే పావుగంట నలిపారు.

జయపురం సీనియర్
ఏళ్ళ తరబడి ఇంటర్వ్యూలు చేస్తున్నవాణ్ణి, చెబుతున్నాను వినండి. అది బడి పంతులు ప్రశ్న. జావాలో పూర్ణసంఖ్యను దాచే 'ఇంట్' పట్టక పొంగాలంటే విలువ 214 కోట్లు దాటాలి. అంత పెద్ద శ్రేణి ఎవరి దగ్గర ఉంటుంది?

మహేంద్రతనయ
సీనియర్ గారూ, దాటవలసింది శ్రేణి కాదు, లో, హైల మొత్తం. 107 కోట్ల పైచిలుకు అంశాలుంటే చాలు. బైట్లయితే అది ఒక్క జీబీ! జావా సొంత లైబ్రరీలోనే, అంటే దానితోపాటు వచ్చే సిద్ధపు కోడులోనే, ఈ తప్పు ఏళ్ళ పాటు దాగి ఉంది. ఆ కోడు రాసిన జాషువా బ్లాక్ గారే 2006లో ఆ సంగతి బయటపెట్టారు. లో + (హై - లో) / 2 అని రాస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?

జయపురం సీనియర్
నాకు లెక్కలు నేర్పకండి. పైథాన్‌లో ఆ బెడదే లేదు.

దెగ్లూరు దారి
నంపై అనే లెక్కల లైబ్రరీ వాడితే అక్కడా ఉంది. మీ చేతిలో పడిన అభ్యర్థులను తలచుకుంటే జాలేస్తోంది.

జయపురం సీనియర్
మీలాంటివారిని పది నిమిషాల్లో సాగనంపుతాను.

దెగ్లూరు దారి
అన్నిచోట్లా మీ ఒక్కరి మాట చెల్లదు. అమెజాన్‌లో బార్ రైజర్ అని వేరే జట్టు మనిషి కూర్చుంటారు, వారు కాదంటే మేనేజరు ముచ్చటపడినా లాభం లేదు. తమ్ముడూ, అమెజాన్ వారి 16 నాయకత్వ సూత్రాలకు తగిన అనుభవాలు సిద్ధం చేసుకో. మన ఇళ్ళలో "నేను చేశాను" అంటే గొప్పలు పోతున్నాడంటారు. అక్కడ "మేము చేశాం" అన్నావో, "అందులో మీరు చేసినదేమిటి?" అని ఆపేస్తారు.

రాయగడ కుర్రాడు
సిస్టమ్ డిజైన్ గురించి ఎవరైనా...

సిరొంచ వాసి
అవన్నీ చేరేదాకానే. చేరాక ఆన్‌కాల్ ఉంటుంది, అంటే మన వంతు వారంలో సర్వరు ఎప్పుడు మొరాయించినా ఫోను ఎత్తి చూడాలి. దాని గురించి అడగండి. మేనకోడలి పెళ్ళిలో తలంబ్రాల వేళకు ఫోను మోగింది. పందిట్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని సర్వరు లాగ్‌లు చూస్తుంటే, మా బావ కట్నాల లెక్క రాస్తున్నాననుకున్నాడు.

మహేంద్రతనయ
ఆ వారం ఎవరితోనైనా మార్చుకోవలసింది.

సిరొంచ వాసి
ఎవరితో? జట్టంతా తెలుగువాళ్ళే. ఆ ముహూర్తానికి అందరి ఇళ్ళలోనూ పెళ్ళిళ్ళే!