జిప్సం బోర్డు జాయింట్లు కనబడకుండ ఎట్ల చేయాలె?

ప్రశ్న:
హన్మకొండల మా ఇంట్ల హాలుకు, పూజరూముకు నడుమ జిప్సం బోర్డు పార్టిషన్ పెట్టిచ్చినం. పెయింటర్ జాయింట్ల మీద మెష్ టేపు అతికిచ్చి, గోడలకు కొట్టంగ మిగిలిన లప్పమే రాసి పోయిండు. పగటి పూట మంచిగనే ఉంటది. రాత్రి పక్కగోడ ట్యూబ్‌లైట్ ఏస్తే అడ్డం జాయింటు లేచి కనబడ్తది. ఒక కాడ వెంట్రుకంత పగులు గూడ వచ్చింది. ఎమరీ పేపర్‌తోని గట్టిగ రుద్దితే సాపయితదా?

జవాబు 1:
ట్యూబ్‌లైట్ జాగ మార్చు తమ్మీ, పైసలు మిగుల్తయి.

జవాబు 2:
మాది కాజీపేట, ఫాల్స్ సీలింగ్ పని చేస్త. రుద్దకు తమ్మీ, టేపు బయటపడ్తది. మన దిక్కు ఎక్కువ 4×6 అడుగుల బోర్డులే దొరుకుతయి గద, ఎత్తు సాలక పైన ముక్క ఏసి ఉంటరు. బోర్డు పొడుగు అంచులు కంపెనీలనే జర పల్చగ వస్తయి, టేపు, జాయింట్ల నింపే మసాల ఆ పల్లంల కూసుంటయి. నీ అడ్డం జాయింటుకు ఆ పల్లం లేదు, ఏం పెట్టినా ఉబ్బుతది. ఉబ్బును తీయలేం, వెడల్పు చేసి కన్నును మోసం చేయాలె.

పగిలిన కాడ టేపు కోసి తీసెయ్. గోడ లప్పం గాదు, జిప్సం జాయింటింగ్ కాంపౌండ్ తెచ్చుకో. పల్చగ రాసి, పచ్చిగున్నప్పుడే పేపర్ టేపు పెట్టి, లప్పం రాసే రేకు పట్టీతోని నడుమ నుంచి అంచులకు ఒత్తుకుంట పో. టేపు కింద మసాల లేని జాగ తర్వాత బుడగ లేస్తది. ఆరినంక 8 అంగుళాల పట్టీతోని ఒక కోటు, మళ్ల 12 అంగుళాల దానితోని జాయింటుకు రెండు దిక్కుల అడుగు దాక ఇంకో కోటు. అంచు కాడ పట్టీ గట్టిగ ఒత్తితే పొర మాయమైతది. వానకాలం తొందరపడకు, చెయ్యి పెడితే సల్లగ తగిల్తే ఇంకా పచ్చిగున్నట్టే.

పట్టీ గుంజంగ టిక్కుమంటే స్క్రూ తల లేచినట్టు, ఇంకో సుట్టు తిప్పు. ఆఖరికి లైటు గోడ పక్కకే పట్టుకొని, 220 నంబరు ఎమరీ పేపర్‌తోని పైపైన రుద్దు. ముక్కుకు మాస్కు మరువకు. ప్రైమర్ కొట్టకుంట రంగేస్తే మాత్రం ఇంత చేసినా జాయింటు వేరే మెరుపుల కొడ్తది.

ప్రశ్న అడిగినాయన:
మంచిది అన్నా. బోర్డు ఇటుక గోడకు తగిలే మూలకు గూడ ఇదేనా?

జవాబు 2:
ఆడ వద్దు. రెండు వేరేవేరేగ కదుల్తయి, ఏ మసాల పెట్టినా పగుల్తది. రంగు పట్టే అక్రిలిక్ సీలెంట్ నింపు. సిలికాన్ అంటగడ్తరు దుకాణంల, దాని మీద రంగు నిలవది.