చెల్లికి ఇంకో 18 రోజుల్లో కీమో, ఈలోపు ఎగ్స్ ఫ్రీజ్ చేయించొచ్చా?

గుంటూరు_అక్క:
అందరికీ నమస్తే. మా చెల్లికి 26 ఏళ్లు, పెళ్లి కాలేదు. పోయిన నెల రొమ్ములో గడ్డ తగిలి బయాప్సీ చేయిస్తే క్యాన్సర్ అని వచ్చింది, స్టేజ్ 2, హార్మోన్ పాజిటివ్ (అంటే హార్మోన్లతో పెరిగే రకం). సర్జరీ అయి పది రోజులైంది, గాయం బాగానే మానుతోంది, ఇంకో 18 రోజుల్లో కీమో మొదలుపెడతాం అన్నారు, ముందు ఏసీ అనే రెండు కీమో మందులు కలిపి, తర్వాత టాక్సాల్ అనే ఇంకో మందు. ఇన్నిసార్లు హాస్పిటల్‌కి తిరిగినా పిల్లల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నిన్న రాత్రి ఫైల్ సర్దుతుంటే కన్సెంట్ ఫారంలో ఒక లైను కనపడింది, అండాశయాలు దెబ్బతినవచ్చు అని. అప్పటినుంచి కంటి మీద కునుకు లేదు. అమ్మతో అంటే "ముందు పిల్లని బతికి బయటపడనీ, ఇప్పుడా ఆ మాటలు" అని ఏడ్చేసింది. చెల్లికి పీరియడ్ వచ్చి వారం దాటింది, మళ్లీ వచ్చేదాకా ఆగాలా? ఎగ్స్ తీయడానికి ముందు ఇచ్చే ఇంజెక్షన్లకి హార్మోన్ పెరిగి క్యాన్సర్ తిరగబెట్టదు కదా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రావణమేఘం:
అక్కా, నాది కూడా హార్మోన్ పాజిటివే, 2019లో, అప్పటికి నాకు 29. పీరియడ్ కోసం ఆగక్కర్లేదు, నెలలో ఏ రోజైనా మొదలుపెట్టొచ్చు, మొత్తం రెండు వారాల్లోపు అయిపోతుంది. నాకు 11 రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు, వాటితోపాటు లెట్రోజోల్ మాత్రలు, ఈస్ట్రోజెన్ హార్మోన్ మరీ పెరగకుండా చూసేది అవే. తర్వాత మత్తిచ్చి అండాలు తీశారు, తొమ్మిది దాచగలిగారు, ఐదో రోజున కీమోకి వెళ్లాను. మందులతో కలిపి మాకు లక్షా డెబ్బై వేలు అయింది, దాచిపెట్టినందుకు ఏటా కట్టే ఫీజు వేరే.

మీ అమ్మగారికి ఇంకో భయం ఉండి ఉంటుంది, మా అమ్మకీ ఉంది కాబట్టి చెబుతున్నా. పెళ్లికాని అమ్మాయి అని ముందే చెప్తే చాలాచోట్ల పొట్ట మీద నుంచే స్కాన్ చేస్తారు. అండాలు తీయడం మాత్రం మామూలుగా కింద నుంచే, సన్నటి సూదితో, ఆ సమయంలో మత్తులో ఉంటుంది. ఇది చెల్లికి దాచకుండా ముందే చెప్పండి, అక్కడికి వెళ్లాక తెలిస్తే బెదిరిపోతుంది.

అన్నిటికంటే ముందు చెల్లిని అడగండి అక్కా. నా విషయంలో మావాళ్లంతా వరండాలో మాట్లాడుకుని ఒక నిర్ణయానికొచ్చి నాకు చెప్పారు. వాళ్లు మంచే చేశారు, కానీ ఆ రోజు నేను మంచం మీద ఒక సామానులా ఉన్నాననిపించింది, ఇప్పటికీ గుర్తుంది.

వైజాగ్_కుర్రాడు:
నాకు 22 ఏళ్లప్పుడు లింఫోమా, అదీ ఒక రకం క్యాన్సరే. మగవాళ్లకి ఇది ఒకటి రెండు రోజుల పని, స్యాంపిల్ ఇస్తే వీర్యం ఫ్రీజ్ చేస్తారు, కీమో మొదలవకముందే ఇవ్వాలి. ఇంట్లో ఎవరూ నోరు విప్పలేకపోతే మా నాన్నే నన్ను బండి మీద తీసుకెళ్లి బయట కూర్చున్నారు, దారిలో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆయన ఆ రోజు సిగ్గుపడి ఊరుకుని ఉంటే నాకు అసలు తెలిసేదే కాదు. డాక్టర్ ఏమనుకుంటాడో అని ఆగకండి, నేరుగా అడిగేయండి.

ల్యాబ్_వనజ:
నేను ఫెర్టిలిటీ ల్యాబ్‌లో పని చేస్తాను. రేపే ఆంకాలజిస్ట్‌ని (క్యాన్సర్ డాక్టర్‌ని) కలిసి "ఎగ్ ఫ్రీజింగ్‌కి రిఫరల్ లెటర్ కావాలి, కీమో తేదీ మారకుండా చేయొచ్చా" అని అడగండి. ఆంకాలజిస్ట్, ఫెర్టిలిటీ డాక్టర్ ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. ఏసీలో ఉండే సైక్లోఫాస్ఫమైడే అండాశయాలకి ఎక్కువ చేటు చేస్తుంది, అందుకే కీమోకి ముందే కావాలి. ఏఎమ్‌హెచ్ రక్తపరీక్ష చేస్తే అండాల నిల్వ ఎలా ఉందో అంచనా వస్తుంది.

అండాలని మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంచుతాం, ఏళ్లు గడిచినా పాడవవు. కానీ దాచిన ప్రతి అండమూ బిడ్డ కాదు, ఈ మాట ముందే చెప్పాలి. 2021 ఏఆర్‌టీ చట్టం (ఫెర్టిలిటీ క్లినిక్‌ల చట్టం) కింద రిజిస్టర్ అయిన క్లినిక్కేనా చూడండి, ఎన్నేళ్లు ఉంచుతారో కాగితం మీద రాయించుకోండి. పెళ్లి కాకపోవడం అడ్డు కాదు, 21 దాటితే చాలు. కీమో జరిగినంతకాలం నాలుగు వారాలకోసారి గోసెరెలిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు, అండాశయాలకి కొంత రక్షణ. అయితే అది ఫ్రీజింగ్‌కి బదులు కాదు.

హార్మోన్ పాజిటివ్ కాబట్టి తర్వాత హార్మోన్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్రలు ఐదేళ్లు వాడాలంటారు, ఆ మాత్రలు వాడుతుండగా గర్భం రాకూడదు. 2023లో పాజిటివ్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి, 18 నుంచి 30 నెలలు వాడాక పిల్లల కోసం రెండేళ్ల వరకు మాత్రలు ఆపినవాళ్లలో, చూసినంతకాలం క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువ కాలేదు. అందరికీ వర్తించదు, ఆమె డాక్టరే చెప్పాలి.

గుంటూరు_అక్క:
ముగ్గురికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. రాత్రి చెల్లికి ఇదంతా చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నేనే అడుగుతానే డాక్టర్‌ని" అంది. ఇవాళ పొద్దున తనే అడిగింది, లెటర్ ఇచ్చారు, రేపు తొమ్మిదింటికి క్లినిక్. అమ్మ కూడా వస్తానంది. రోజూ ఇంజెక్షన్ కోసం అంత దూరం తిరగాలా, ఇంట్లో వేసుకోవచ్చా?

శ్రావణమేఘం:
వేసుకోవచ్చు అక్కా, పొట్ట మీద వేసే చిన్న సూదే, మొదటిరోజు నర్స్ నేర్పిస్తారు. కొన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి, రేపు ఐస్ ప్యాక్ వేసిన డబ్బా ఒకటి వెంట తీసుకెళ్లండి.