తాతయ్య ఎక్కించిన పాటల క్యాసెట్టు: మేలైన ప్రతులతో మార్చవచ్చునా?

కావలి మనవరాలు:
అమ్మ 1988లో కాపురానికి వెళ్తున్నప్పుడు తాతయ్య నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక రికార్డింగు షాపులో అరవై నిమిషాల క్యాసెట్టు మీద తనకు నచ్చిన పాటలు ఎక్కించి ఇచ్చారు. ఇప్పుడు టేపు అంచున తెల్లగా బూజు పట్టింది, పాట వెనుక బుసబుసమనే శబ్దం పెరిగింది. అట్ట మీద పాటల జాబితా తాతయ్య చేతిరాతలో చెక్కుచెదరకుండా ఉన్నది. ఆ పాటలన్నీ నేడు శుభ్రమైన ప్రతులుగా దొరుకుతున్నాయి కనుక అదే వరుసలో పేర్చుకుంటే చాలునని తమ్ముడు అంటున్నాడు. అమ్మ ఒప్పుకోవడం లేదు. పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

ఒంగోలు శ్రోత:
నేను మీ తమ్ముడి పక్షమే. మా నాయన ఘంటసాల గారి పాట రేడియోలో వచ్చినా, గ్రామఫోను ప్లేటు మీద విన్నా, పెళ్లి పందిట్లో మైకులో వినిపించినా ఒకే రీతిగా కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఆయన మనసు కరిగింది ఆ గొంతుకే గాని, దానిని మోసుకొచ్చిన పెట్టెకు కాదు. గాయకుడు, వాద్యకారులు శ్రమపడి పలికించిన నాదాన్ని బూజు పట్టిన టేపులో వినడం వారికి గౌరవం కాదని నా నమ్మకం.

నెల్లూరు పాత శ్రోత:
ఒంగోలు వారి మాటను కాదనలేను, కానీ అది ఒక్క పాట విషయంలో నిజం. మీరు అడుగుతున్నది ఒక మనిషి ఎంచి, వరుస కట్టి, కూతురి చేతిలో పెట్టిన పాటల గురించి. ఆ రోజుల్లో మనం చీటీ రాసి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వస్తే, షాపతను తన దగ్గరున్న ప్లేట్ల నుంచీ కంపెనీ క్యాసెట్ల నుంచీ ఎక్కించేవాడు. అడిగిన పాట లేకపోతే మిగిలిన నిడివికి సరిపోయే మరో పాట వేసి, అట్ట మీద మార్చకుండానే ఇచ్చిన సందర్భాలు ఎన్నో చూశాను.

మా అక్క క్యాసెట్టులో జరిగినది అదే. నాయన సుశీల గారి పాట రాయిస్తే, ఆ చోట బాలు గారి పాట వచ్చింది. కనిగిరిలోని అత్తవారింట, మనవాళ్లెవరూ దగ్గర లేని ఆ తొలి నెలల్లో, అక్క మనసుకు పట్టుకున్నది అడగకుండా వచ్చిన ఆ పాటనే. తరువాత పిల్లలను నిద్రపుచ్చినదీ దానితోనే. 2020 సెప్టెంబరు 25న బాలు గారు కన్నుమూసిన సాయంత్రం అక్క ఫోను చేసి, మాట్లాడలేక, ఆ పల్లవి ఒక్కటి పాడి పెట్టేసింది. అట్ట మీద ఈనాటికీ సుశీల గారి పాట పేరే ఉన్నది. ఆ అట్టను చూసి పిల్లలు కొత్తగా పేర్చి ఉంటే, వాళ్లమ్మకు ప్రాణమైన పాటే అందులో ఉండేది కాదు.

శ్రుతి సంగతి కూడా ఉన్నది. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. ఎక్కించిన యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగి ఉంటే, ఇంట్లో పెట్టినప్పుడు పాట అసలు కంటే పై శ్రుతిలో, వడిగా వినిపిస్తుంది. అక్క నేటికీ ఆ పై శ్రుతిలోనే అందుకుంటుంది. శుభ్రమైన ప్రతి వినిపిస్తే ఇది మన పాట కాదంటుంది. మీ అమ్మగారు ఒప్పుకోకపోవడానికి ఇటువంటి కారణమేదో ఉండవచ్చు. ముందు ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, ఏ పాట దగ్గర ఏమి గుర్తుకు వస్తుందో చెప్పించి రాసుకోండి. టేపు కంటే ముందు పోయేవి ఆ జ్ఞాపకాలే.

కందుకూరు మెకానిక్కు:
వాదన ఎటు తేలినా, బూజుతో ఉన్న టేపును ప్లేయరులో పెట్టకండి. ఆ బూజు ప్లేయరులో టేపును చదివే హెడ్డుకు అంటుకొని ఇతర క్యాసెట్లకు కూడా పాకుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకొని శుభ్రం చేయాలి. క్యాసెట్టు పెట్టె మరలతో బిగించినదైతే విప్పి టేపును కొత్త పెట్టెలోకి మార్చవచ్చు, ఒత్తిపట్టే ఫెల్టు ముక్క ఊడిందేమో కూడా అప్పుడే చూడవచ్చు. వెనుక అంచున ఉన్న రెండు చిన్న పలకలను విరిచేస్తే పొరపాటున మరొకటి ఎక్కదు. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, టేపును ఒకసారి చివరి వరకు చుట్టి వెనక్కు తెచ్చి, అప్పుడు కంప్యూటరులోకి, ధ్వనిని కుదించకుండా దాచే వేవ్ ఫైలుగా ఎక్కించండి. బుసబుసను తగ్గించే ప్రయత్నమంతా నకలు మీదనే చేయాలి.

ఒంగోలు శ్రోత:
అట్ట తప్పు చెప్పవచ్చునన్న మాట నాకు తట్టలేదు, అది సబబుగానే ఉన్నది. అయినా ఇంట్లోని చిన్నపిల్లలు ఆ బుసబుసలో రెండో పాట దాకా ఆగరు. వాళ్ల చెవికి చేరని పాట భద్రంగా ఉండి ప్రయోజనమేమిటి?

నెల్లూరు పాత శ్రోత:
పిల్లల కోసం శుభ్రమైన ప్రతులతో మరో జాబితా తప్పక చేయండి, కానీ దానికి తాతయ్య పేరు పెట్టవద్దు. ఆయన పేరుతో దాచే ఫైలులో మొదటి వైపు చివర చరణం తెగిపోయి ఉంటే అది తెగినట్లే ఉండాలి, షాపతను మార్చిన పాట ఉంటే అదీ అక్కడే ఉండాలి. శుభ్రం చేయడానికి కందుకూరు వారి వంటి అనుభవజ్ఞులు దొరికేదాకా క్యాసెట్టును విడిగా, తేమ తగలని చోట ఉంచండి.