కుక్కగొడుగు అంటే విషపు గొడుగేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేముండేది కాలిఫోర్నియాలో. ఇక్కడ చలికాలమే వానాకాలం. నాలుగు చినుకులు పడితే చాలు, ఓక్ చెట్ల కింద గొడుగులు లేస్తాయి. తెలుగు బడి పిల్లల కోసం వాటి బొమ్మల కార్డులు తయారుచేస్తున్నాం. మా దగ్గరున్న ఇంగ్లీషు బొమ్మల పుస్తకం తినేదాన్ని మష్రూమ్ అనీ, తినకూడనిదాన్ని టోడ్‌స్టూల్ అనీ విడదీసింది. మొదటిదానికి పుట్టగొడుగు, రెండోదానికి కుక్కగొడుగు అని పెడితే సరిపోతుందా? ఊరినుంచి వచ్చిన మా అత్తగారు, తింటే ప్రాణం తీసే డెత్ క్యాప్ బొమ్మ చూసి, "ఇది కుక్కగొడుగేంటమ్మా, మన గడ్డివాము దగ్గర మొలిచేదే కదా, ఇగురు పెడితే ఎంత బాగుంటుందో" అన్నారు. అప్పటినుంచి నాకు గుండె దడ.

జవాబు:
మా ఇంట్లో పుట్టకొక్కులు అంటామండీ. పుట్టగొడుగులు అనేది పేపర్లో మాట. అక్కడ కూడా కూర గురించి రాయరు, "పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్న కోచింగ్ సెంటర్లు" అని రాస్తారు.

జవాబు:
కుక్కగొడుగు వద్దండీ. ఆ మాటలో చిన్నచూపు ఉంది గానీ విషం లేదు. కుక్కతులసి, కుక్కవామింట తెలుసుగా, అవేమీ విషపు మొక్కలు కావు. అసలు తులసి కాదు, అసలు వామింట కాదు, మనం కోరి తెచ్చుకునేది కాదు అని చెప్పడానికి ముందు కుక్కని తగిలించారు. పాపం అదేం చేసిందో! మరాఠీవాళ్లు 'కుత్ర్యాచీ ఛత్రీ' అంటారు, అచ్చం మన మాటే. బెంగాలీలో కప్పగొడుగు. ఇంగ్లీషు టోడ్‌స్టూల్ కూడా గోదురుకప్ప కూర్చునే పీటే. అందరూ "మనం తినేది కాదులే" అని పక్కకి తోసేసినవాళ్లే. అలా తోసేసిన గుంపులో చంపేవీ ఉంటాయి, వట్టి చేదువీ ఉంటాయి, తిన్నా ఏమీ చేయనివీ ఉంటాయి. ఆ పేరు చూసి పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు.

పుట్టగొడుగు సంగతి వేరు. అందులో పుట్ట అన్నది ఆ గొడుగు చిరునామా. చెదలు నమిలి తెచ్చిన ఆకూ పుల్లా పుట్టలోపల తేనెపట్టులా పేర్చి, దానిమీద ఒకరకం బూజు పెంచుకుంటాయి. వాటి తిండి దానిమీదే. వానలు పడ్డాక ఆ బూజే గొడుగై పైకి వస్తుంది. 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ ఈ ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టినప్పుడు ఆయనా చెదపురుగునే పేరులో పెట్టాడు. మనవాళ్లు అంతకు చాలా ముందే ఇల్లు చూసి పేరు పెట్టేశారు.

ఈ చిరునామాని సరిచూసుకోవచ్చు కూడా. పుట్టమీదిదాన్ని పీకి చూడండి. కాడ నేలమట్టంలో ఆగదు, వేరులా సన్నబడుతూ కిందికి పోతూనే ఉంటుంది, ఆ చెదల తోట దాకా. చాలావరకు మధ్యలో పుటుక్కున తెగుతుంది. టోపీ నడినెత్తిన మొనదేలిన బుడిపె ఉంటుంది, గట్టి మట్టిని పొడుచుకుని వచ్చేది దాంతోనే. అలాగని పుట్టమీద కనపడిన ప్రతిదీ పుట్టగొడుగు కాదు. పోడాక్సిస్ అని పొడుగ్గా, పొలుసులతో ఒకటి పుట్టలమీదే మొలుస్తుంది. ముదిరినదాన్ని చీల్చితే లోపల నల్లటి పొడి తప్ప ఏమీ ఉండదు.

తినే ప్రతి గొడుగునీ పుట్టగొడుగు అనడం మొదలయ్యాక పేరులోని చిరునామా పోయింది. సూపర్ బజారులో ప్యాకెట్లో దొరికే బటన్ మష్రూమ్ ఏ పుట్ట మొహమూ చూడలేదు.

జవాబు:
పుట్ట అనగానే పద్యం గుర్తొస్తుంది కదా. "చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైన యట్లు" అన్నాడు సుమతీ శతకకారుడు. కట్టింది చీమలు కావు, చెదలు. పద్యానికి ఆ మాత్రం మన్నింపు ఉంటుంది లెండి. పాము ఉండే చోటని సంస్కృతంలో ఈ గొడుగుకి అహిచ్ఛత్రకం అనే పేరుంది, అంటే పాముగొడుగు. ఋగ్వేదం మొదటి మండలం 84వ సూక్తంలో, ఏమీ అర్పించని లోభిని ఇంద్రుడు "పదా క్షుంపమివ" ఎప్పుడు తన్నేస్తాడో అని ఒక మాట వస్తుంది. ఆ క్షుంపం అంటే అహిచ్ఛత్రకమేనని, వేదంలోని మాటలకు అర్థాలు చెప్పే యాస్కుడి నిరుక్తం అంటుంది. కాలితో తన్నితే తునిగిపోయేది అన్నమాట. ఊళ్లో పిల్లలు కుక్కగొడుగుల్ని చేసేది ఇప్పటికీ అదే.

ఇక మన పాఠ్యపుస్తకాల 'శిలీంధ్రం'. బ్రెడ్డుమీది బూజుకీ అదే పేరు, గొడుక్కీ అదే. మేఘదూతంలో మేఘగర్జనకి నేల "ఉచ్ఛిలీంధ్రాం" అవుతుందంటాడు కాళిదాసు. ఉరిమితే గొడుగులు లేస్తాయని మన పల్లెల్లో అనుకునేదానికి ఇది ఎంత దగ్గరో! కానీ ఆ కావ్యానికి వ్యాఖ్య రాసిన మన మెదకు సీమ కొలిచెలమవాడు మల్లినాథసూరి అక్కడ శిలీంధ్రమంటే కందళి అని అర్థం చెప్పాడు, అంటే వానకు పూసే మొక్క. నాకైతే ఉరుముకి గొడుగే నప్పుతుంది.

అడిగినవారు:
పద్యాలు బ్రహ్మాండం. కానీ మా అత్తగారి గడ్డివాము గొడుగు మాటేమిటి?

జవాబు:
మీ అత్తగారి చూపు తప్పుకాదండీ, దేశం మారింది. ఆవిడ చెప్పేది వరిగడ్డి గొడుగు, వాల్వేరియెల్లా. దానికి కాడ అడుగున గిన్నెలాంటి పొర ఉంటుంది. డెత్ క్యాప్‌కీ సరిగ్గా అక్కడే అలాంటి గిన్నె ఉంటుంది. చిన్నప్పుడు రెండూ గుడ్డులాగే ఉంటాయి. ఆసియా నుంచి కాలిఫోర్నియా వెళ్లినవాళ్లు ఈ పోలిక వల్లే మోసపోయి ఆసుపత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి. తేడా ఎక్కడంటే, వరిగడ్డిదానికి కాడమీద ఉంగరం ఉండదు, ముదిరితే టోపీ అడుగు గులాబి రంగుకి తిరుగుతుంది. డెత్ క్యాప్‌కి మామూలుగా ఉంగరం ఉంటుంది, అడుగు తెల్లగానే ఉండిపోతుంది. ఉంగరం ఊడిపోయి కూడా ఉండొచ్చు, అందుకని అదొక్కటే చూసి నమ్మొద్దు. విషం ఉడికించినా పోదు. తిన్న ఆరుగంటలకో పన్నెండు గంటలకో గానీ వాంతులు మొదలవ్వవు, తర్వాత తగ్గినట్టే ఉంటుంది, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. వెండి చెంచా నల్లబడుతుందా, పురుగు తిందా అనే పరీక్షలు ఆవిడకి తెలిసే ఉంటాయి. వాటిలో ఒక్కటీ పనికిరాదని గట్టిగా చెప్పండి.

కార్డుమీద డెత్ క్యాప్ అని తెలుగు లిపిలో రాసి, పక్కన ఎర్రగా 'విషం' అని రాయండి. కొత్త పేరు పుట్టించొద్దు. బొమ్మ ఒక్కటే వేస్తే పిల్లలు రంగు చూసి పోల్చుకుంటారు, వాన తగిలితే ఆ రంగు మారిపోతుంది. అందుకని టోపీ అడుగు, కాడ మొదలు విడిగా గీయించండి. మొదలు మట్టిలోంచి తవ్వి తీస్తేగానీ గిన్నె కనపడదని కూడా రాయండి.

అడిగినవారు:
టోపీ అడుగున ఉండే గిల్స్‌ని ఏమనాలి? మొప్పలు అంటే చేప గుర్తొస్తుంది.

జవాబు:
గుర్తురానివ్వండి, పోలిక అదే కదా. మొప్పలే బాగుంది. పిల్లలతో రంగు ముద్ర కూడా వేయించండి, పెద్దవాళ్లు దగ్గరుండి, ప్యాకెట్లో కొన్నదాంతో. కాడ కోసేసి టోపీని సగం తెల్లకాగితం, సగం నల్లకాగితం మీద బోర్లించి, పైన వంటింటి గిన్నె మూసి రాత్రంతా వదిలేస్తే మొప్పల గీతలన్నీ వాటినుంచి రాలే పొడితో దిగుతాయి. తెల్లకాగితం ఒక్కటే పెడితే తెల్లపొడి రాల్చేవి కనపడవు, డెత్ క్యాప్ పొడి తెలుపే. హైదరాబాదు పార్కుల్లాంటి గడ్డిలో పళ్లేలంత లేచే క్లోరోఫిల్లం అయితే ఆకుపచ్చ పొడి రాలుస్తుంది. తింటే వాంతులే. చూడ్డానికి మాత్రం మీ అత్తగారికి నచ్చేలాగే ఉంటుంది.

అడిగినవారు:
అయితే రెండు గుంపులూ తీసేస్తున్నాం. ఒక్కో గొడుక్కి ఒక్కో కార్డు, కింద గిన్నె, ఉంగరం, మొప్పల రంగు, పొడి రంగు. పుట్టగొడుగు అనే పేరు పుట్టమీదిదానికే ఉంచుతాం. ఆ బొమ్మ గీయడానికి మా అత్తగారే ఒప్పుకున్నారు, కాడ ఎంత పొడుగు గీయాలని అడుగుతున్నారు.

జవాబు:
కాగితం చాలినంత గీసి, కింద "ఇంకా ఉంది" అని రాయమనండి.