బోర్డు మీద "సెలబ్రిటీ" అని రాస్తే సెలబ్రిటీ అయిపోతారా?

కాకినాడ_సుబ్బు:
మొన్న మా ఊళ్లో బట్టల షాపు ఓపెనింగ్ జరిగింది. ఫ్లెక్సీ నిండా ఒకమ్మాయి ఫొటో, కింద "ప్రముఖ సెలబ్రిటీ చేతుల మీదుగా" అని. (ప్రముఖులు కాని సెలబ్రిటీలు కూడా ఉంటారు కాబోలు.) నేనూ మా ఆవిడా ఎంతసేపు చూసినా ఎవరో పోల్చుకోలేకపోయాం. పదో తరగతి చదివే మా మేనకోడలు మాత్రం "ఆవిడ తెలీదా మామయ్యా!" అని నా వంక జాలిగా చూసింది. రీల్స్ చేస్తుందట. ఆ రోజు గంటసేపు రోడ్డు జామ్. ఊళ్లో సగం మందికి తెలియని మనిషి సెలబ్రిటీ ఎలా అవుతుంది? సినిమానో క్రికెట్టో రాజకీయమో, ఏదో ఒకటి చేసి పేరు తెచ్చుకోవాలని నా లెక్క. కాదంటే చెప్పండి.

మల్లేశ్_జగిత్యాల:
కాదనే అంటానన్నా. మా జిల్లా గంగవ్వనే తీసుకోండి. లంబాడిపల్లిలో పొలం పనులు, కూలి పనులు చేసుకుని బతికిన మనిషి. యూట్యూబ్‌లో ఆమె మాట తీరు చూసే జనం పడిపోయారు. సినిమా అవకాశాలైనా, 2020లో బిగ్‌బాస్ అయినా ఆ తర్వాత వచ్చినవే. సినిమా ఆమెను సెలబ్రిటీని చేయలేదు, సెలబ్రిటీ అయ్యాక సినిమా వాళ్లే పిలిచారు. మీ లెక్క తిరగబడింది కదా?

కాకినాడ_సుబ్బు:
గంగవ్వ సంగతి వేరు తమ్ముడూ. ఆవిడ మా అమ్మకూ తెలుసు, మేనకోడలికీ తెలుసు. నేనడిగేది అదే.

రిటైర్డ్_మాస్టారు:
ఎంతమందికి తెలుసు అన్న లెక్కతో ఇది తేలదండి. శాంతి స్వరూప్ గారు గుర్తున్నారా? 1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలైన రోజు నుంచి చదివారు. మా వీధిలో అప్పుడు ఒకటే టీవీ. ఆ ఇంటి అరుగు మీద, కిటికీ దగ్గర, సందులో నిలబడి చూసేవాళ్లం. ఆయన ముఖం తెలియని ఇల్లు లేదు. అయినా ఆయన పెళ్లెప్పుడు, ఏం తింటారు, ఏ కారు కొన్నారు అని ఒక్కరైనా అడిగారా? ఆయన్ని గౌరవించాం, అంతే. 2024లో ఆయన పోయినప్పుడు మా ఇంట్లో చిన్నపిల్లలకు ఆయనెవరో చెప్పాల్సి వచ్చింది. నా దృష్టిలో పని వల్ల ముఖం తెలియడం ఒకటి, ఆ మనిషి ఇంట్లో ఏం జరుగుతోందో అని జనం తొంగిచూడటం ఇంకొకటి. సెలబ్రిటీ అనేది ఈ రెండోదానికే పెట్టిన పేరు.

వకీలు_గుంటూరు:
మాస్టారూ, కోర్టు అంత లోతుకు పోలేదు. అమితాబ్, జయా బచ్చన్‌ల ఫొటోలను ఒక నగల షాపు హోర్డింగ్‌కి వాడుకున్న కేసులో ఢిల్లీ హైకోర్టు 2012లో చెప్పింది ఇంతే: ఎక్కువమందికి తెలిసిన, ఎక్కువమంది మాట్లాడుకునే మనిషే సెలబ్రిటీ. ఏం సాధించావని అడగలేదు. ఇక ప్రకటనల రంగం వాళ్లు తమకు తామే పెట్టుకున్న ఏఎస్‌సీఐ అనే సంస్థ అయితే ఏకంగా నంబరే పెట్టేసింది. ఒక్క సోషల్ మీడియా ఖాతాలో 5 లక్షల మంది ఫాలోవర్లుంటే సెలబ్రిటీ కిందే లెక్క. సుబ్బుగారి ఊరికొచ్చిన అమ్మాయికి అన్ని ఉంటే చర్చ ముగిసినట్టే.

మల్లేశ్_జగిత్యాల:
అంటే 4,99,999 ఉన్నవాడు మామూలు మనిషి! ఫాలోవర్లను డబ్బిచ్చి కొనుక్కునే రోజులివి సార్.

వకీలు_గుంటూరు:
కొంటారు, నిజమే. కానీ ఆ గీత గౌరవం కోసం గీసింది కాదు, బాధ్యత కోసం గీసింది. ఒక ప్రకటనలో కనపడితే నీ మాట నమ్మి జనం డబ్బు పెడతారు కాబట్టి. 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవాళ్లకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద మియాపూర్ పోలీసులు పెట్టిన కేసు చూడండి. సినిమా తారలూ యూట్యూబర్లూ ఒకే జాబితాలో ఉన్నారు. పోలీసులు సుబ్బుగారిలాగా సినిమా, రీల్స్ అని విడదీయలేదు.

వనజ_మాదాపూర్:
మీరంతా కావాలని పేరు తెచ్చుకున్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా ఆఫీసు వైపు కుమారి ఆంటీ దగ్గర నేనూ తిన్నాను, ఆవిడ వీడియోలు ఇంతగా తిరగకముందు. పక్కన బండ్ల వాళ్లు పెట్టే అన్నం, కూర, లివర్ వేపుడే ఆవిడా పెట్టేది. ఫోన్లు పట్టుకుని వచ్చినవాళ్లు "థౌజండ్ అయ్యింది, టూ లివర్లు ఎక్స్‌ట్రా" అన్న మాటను ఊరంతా తిప్పారు. ఇక జనం ఎగబడ్డారు. 2024 జనవరిలో ట్రాఫిక్ పేరుతో పోలీసులు బండి తీయించారు, మళ్లీ ముఖ్యమంత్రి కలగజేసుకుంటే గానీ పెట్టుకోలేకపోయింది. ఆవిడ సెలబ్రిటీ అవుతానని దరఖాస్తు పెట్టుకుందా? ఇందులో ఆవిడ చేసిందేమిటి? చేసింది మనం.

మల్లేశ్_జగిత్యాల:
అక్క చెప్పింది కరెక్ట్. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, పెద్ద సినిమాలో పాట పాడారు. ఫొటోలు దిగనివాళ్లు లేరు. 2024లో హైదరాబాద్ శివారులో కూలి పని చేస్తూ ఉన్న వీడియో బయటికొచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మనిషి! వకీలు గారి 5 లక్షల లెక్కలో ఆయన ఎక్కడుంటారో చెప్పమనండి.

రిటైర్డ్_మాస్టారు:
ఎక్కడా ఉండరు. అందుకే ఆ మాట ఆయనకు తగిలించొద్దంటాను. ఆయన కళాకారుడు.

కాకినాడ_సుబ్బు:
మొత్తానికి ఒప్పుకోక తప్పేట్టు లేదు, కొంతవరకే. షాపు ఓనరు నాకు తెలిసినవాడే, నిన్న టీ కొట్టు దగ్గర కనిపిస్తే అడిగా. సినిమా వాళ్లను పిలిస్తే బడ్జెట్ చాలదట, అందుకే ఈ అమ్మాయి. "జనం వచ్చారు బావా, సెల్ఫీలు దిగి వెళ్లిపోయారు. చీరలు కొన్నది మాత్రం ఆ అమ్మాయెవరో తెలియనివాళ్లే" అన్నాడు. మా ఆవిడ రెండు కొంది.