'మంటి ఘటము'లో మంటి ఏమిటి? 'కేవలము' ఏమిటి?

గ్రూపులో అందరికీ వందనాలు. విశాఖ నుంచి రాస్తున్నాను, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మొన్న ఆదివారం సండే స్కూల్లో బైబిల్లోని రెండవ కొరింథీయులకు పత్రిక 4వ అధ్యాయం చదివిస్తుంటే, ఏడో వచనంలో "మంటి ఘటములలో ఈ ఐశ్వర్యము మాకు కలదు" అన్న చోట తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఆగిపోయి, "అక్కా, మంటి అంటే మంట కదా, మంటలో కాల్చిన కుండనా?" అని అడిగింది. మిగతావాళ్ళు నవ్వారు. నాకు నవ్వాలనిపించలేదు, ఇప్పుడు ఏ ఇంట్లోనూ మంటి అనరు, అందరూ మట్టి అనే అంటారు, ఆ పిల్లకి తెలిసే దారేది? మంట కాదమ్మా, మన్ను, మట్టికుండ అని చెప్పాను. అప్పుడు తల వంచుకుని "అయితే మనం మట్టేనా" అంది. తర్వాత తెలిసింది, ఈ మధ్య మార్కులు తగ్గాయని ఇంట్లో రోజూ "మట్టిబుర్ర" అని తిడుతున్నారట.

నా ప్రశ్నలు రెండు. మన్ను మంటి ఎలా అయింది, పిల్లలకు తేలిగ్గా చెప్పే పద్ధతి ఏది? రెండోది, కుండ అనకుండా 'ఘటము' అని ఎందుకు అన్నారు? ఈ వచనాన్ని "మనం ఒట్టి మట్టి, మనకేం విలువ" అని చెప్పడం చాలాసార్లు విన్నాను. నాకైతే వాక్యం ఆ మాట అనడం లేదనిపిస్తుంది.

జవాబు (సీతమ్మధార నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు):

అమ్మా, మంచి ప్రశ్న. కన్ను కంటి అవుతుంది, పన్ను పంటి అవుతుంది, మిన్ను మింటి అవుతుంది, ఆ వరసలోనే మన్ను మంటి. కంటిచూపు, పంటినొప్పి అన్నప్పుడు ఎవరికీ అనుమానం రాదు, మంటి దగ్గర మాత్రం పక్కనే మంట అనే మాట ఉండడం వల్ల తికమక. ఈ 'టి'ని వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు, బాలవ్యాకరణంలో ఇ, టి, తి అని మూడు చెప్పారు. ఊరు ఊరి, ఇల్లు ఇంటి, రాయి రాతి. పిల్లలకు పేరు చెప్పకండి, వరస చెప్పండి చాలు. చంటిబిడ్డ కూడా ఇదే, చన్ను చంటి, పాలు తాగే బిడ్డ.

ఇక ఘటము. కుండ అంటే కుండే. ఘటము అంటే కుండా అవుతుంది, తెలుగులో శరీరం అని కూడా ఎప్పటి నుంచో వాడుక. "వాడు మొండి ఘటం" అంటాం, కుండ గురించి కాదు కదా. బైబిల్లోనే ఇంకోచోట, మొదటి థెస్సలొనీకయులకు 4వ అధ్యాయంలో "తన తన ఘటమును ఎట్లు కాపాడుకొనవలెనో" అని ఉంది. మూలభాష గ్రీకులో రెండు చోట్లా 'స్కెవోస్' అనే మాటే, పాత్ర అని అర్థం. అనువాదకుడు రెండు చోట్లా ఘటమే పెట్టాడు. కుండ అని ఉంటే శరీరం అన్న అర్థం జారిపోయేది.

జవాబు (గాజువాక నుంచి ఒక తమ్ముడు):

మాస్టారు చెప్పాక ఒకటి తట్టింది. మంట అనుకున్న ఆ పిల్ల మరీ దూరం పోలేదు అక్కా. న్యాయాధిపతులు 7వ అధ్యాయంలో గిద్యోను 300 మందికి వట్టి కుండలిచ్చి, ఆ కుండల్లో దివిటీలు పెట్టిస్తాడు కదా. కుండలు పగలగొట్టాకే వెలుగు బయటపడింది. ఈ 4వ అధ్యాయం ఆరో వచనంలో కూడా చీకటిలోంచి వెలుగు ప్రకాశించడం గురించే ఉంది, వెంటనే ఏడులో కుండ. ఈ పత్రిక రాసిన పౌలు మనసులో గిద్యోను ఉన్నాడని నేననను, పిల్లలకు చెప్పడానికి మాత్రం బాగుంటుంది.

మళ్ళీ నేనే:

మాస్టారూ, చాలా థాంక్స్. చంటిబిడ్డ మాట చూడగానే నాకు హుద్‌హుద్ తుఫాను రోజులు గుర్తొచ్చాయి, రాయకుండా ఉండలేను. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఆరాధన లేదు, ఇంట్లో తలుపుకి బీరువా అడ్డం పెట్టి కూర్చున్నాం. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, మోటారు లేదు, పైన ట్యాంకులో ఉన్న నీళ్ళు రెండో రోజుకే అయిపోయాయి. మా సందు చివర ఒక మామ్మ ఉండేది, రేకుల ఇల్లు, రేకులన్నీ గాలికి పోయాయి. ఆవిడ పెరట్లో మాత్రం నుయ్యి ఉంది. గుమ్మం పక్కన పెద్ద కుండ, మూతి ఒక పక్క విరిగింది, పొట్ట మీద పగులు ఉంటే సిమెంటు పూసింది, పైన సత్తు పళ్ళెం మూత. తెల్లారకముందే లేచి తోడి ఆ కుండ నింపి, వచ్చినవాళ్ళకి చెంబుతో పోసేది. వరసలో నేను ముందున్నాను, వెనక ఒకామె చంటిబిడ్డతో వచ్చింది. మామ్మ నన్ను చూసి "నువ్వు ఆగమ్మా, బిడ్డతల్లికి ముందు" అంది. ఆ పూట కుండ అడుగు దాకా అయిపోయింది, తనకి ఒక చెంబు కూడా మిగల్లేదు. మళ్ళీ నూతి దగ్గరకు నడిచింది, డెబ్బై దాటిన మనిషి.

ఆ సిమెంటు పూసిన కుండని చూసి ఎవరైనా "ఒట్టి మట్టి" అనగలరా? కుండ కుండే, కంచుది అనుకోనక్కర్లేదు, కానీ ఆ నాలుగు రోజులు సందు మొత్తం బతికింది ఆ కుండ మీదే. అందుకే ఆ పిల్లకి ఎవరో "మట్టిబుర్ర" అన్నారంటే నాకు అంత బాధగా ఉంది. మన్నే, కానీ అందులో ఐశ్వర్యం పెట్టినవాడు దాన్ని ఏరుకుని పెట్టాడు.

జవాబు (మధురవాడ నుంచి ఒక సోదరి):

అక్కా, కళ్ళు చెమర్చాయి. నా అనుమానం తర్వాతి వచనం. "అపాయములో నున్నను కేవలము ఉపాయము లేనివారము కాము." ఒక కూటంలో దీన్ని "ఉపాయం లేకపోవడమే కాదు, ఇంకా పెద్ద కష్టం ఉంది" అన్నట్టు చెప్పారు. 'కేవలం... కాదు' అంటే మనం అలాగే కదా వాడతాం.

జవాబు (మాస్టారు):

ఇప్పటి వాడుకలో అలాగే, కానీ ఇక్కడ పాత అర్థం. కేవలము అంటే బొత్తిగా, పూర్తిగా అని. "బొత్తిగా దారి లేనివాళ్ళం కాము" అని చదవండి, సరిపోతుంది. ఈ వాక్యం పుట్టించిన ఆనందం ఏమిటంటే, గ్రీకులో అక్కడ మాటల ఆట ఉంది, 'అపోరూమెనోయ్' అని ఒక మాట, దానికే ముందు ఒక ముక్క తగిలించి 'ఎక్సపోరూమెనోయ్' అని ఇంకో మాట. దారి తోచకపోయినా, పూర్తిగా దారి మూసుకుపోలేదు అని. దాన్ని తెలుగులోకి తెచ్చినాయన అపాయము, ఉపాయము అని ఒక్క అక్షరం తేడాతో పట్టుకున్నాడు. అదే వచనంలో "ఇరికింపబడువారము కాము" కూడా చూడండి, గ్రీకు మాటలో ఇరుకు చోటు అనే అర్థమే ఉంది, ఇరుకు అన్న మన మాటలోంచే ఇరికించడం. ఇంత దగ్గరగా కుదరడం అరుదు.

మన ఊరివాళ్ళకి ఒక మాట. బైబిలును తెలుగు చెయ్యాలని లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో దిగింది విశాఖపట్నంలోనే. ఆనందరాయర్ అనే తెలుగాయన వాళ్ళకి తోడు కూర్చున్నాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. వాళ్ళు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. మనం ఇప్పుడు చదివే వాక్యం వాళ్ళదే అనను, తర్వాత ఎంతోమంది దిద్దారు. కానీ ఇదే అధ్యాయం 12వ వచనంలో "మాలో మరణమును మీలో జీవమును కార్యసాధకమగుచున్నవి" అని ఉంది కదా, అది చదివినప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తొస్తారు.

జవాబు (గాజువాక తమ్ముడు):

కష్టాల గురించి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో ఉంది. తుఫానుకి కూడా స్తోత్రం చెప్పాలా?

మళ్ళీ నేనే:

తమ్ముడూ, అక్కడ విభక్తి చూడు. 'విషయమునందు' అంది, 'విషయము కొరకు' అనలేదు. గ్రీకులో కూడా 'ఎన్' అనే ఉంది, అంటే లోపల, అందులో ఉండగా. మా మామ్మ రేకులు పోయిన చూరు కింద నిలబడి "రేకులు ఎల్లిపోనాయి, మనం ఉన్నాం గదమ్మా, స్తోత్రం ప్రభువా" అంది. రేకులు పోయినందుకు స్తోత్రం అనలేదు, పోయినా స్తోత్రం అంది. పోయినందుకు వేరు, పోయినా వేరు. మా నాన్నగారు పోయిన మూడో రోజున పరామర్శకు వచ్చిన ఒకాయన అమ్మతో "దీనికీ స్తోత్రం చెప్పాలమ్మా" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నెల రోజులు గుడికి రాలేదు. ఒక విభక్తి తప్పు చదివితే ఎంత దెబ్బ తగులుతుందో నేను ఇంట్లోనే చూశాను.

జవాబు (మధురవాడ సోదరి):

కానీ అక్కా, ఎఫెసీయులకు 5:20లో "సమస్తమునుగూర్చి" అని ఉంది. అక్కడ అందు అనలేదు.

మళ్ళీ నేనే:

నిజమే చెల్లీ, అది ఉంది, దాచడానికి లేదు. గ్రీకులో కూడా అక్కడ వేరే మాట, 'హుపెర్', గూర్చి అన్న అర్థమే. నేను ఇలా చూస్తాను. అది సంఘం కలిసి కీర్తనలు పాడుకునే సందర్భం, ఎవరికి వారు తమ గురించి చెప్పే స్తుతి. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్నది యోబే, పిల్లల్ని పోగొట్టుకున్నది తనే కాబట్టి అనగలిగాడు. ఆ మాట ఆయన తరఫున ఇంకెవరైనా అనేసి ఉంటే నేను ఒప్పుకోను. సమస్తాన్ని గూర్చి స్తోత్రం చెప్పగలిగే రోజు అమ్మకి వచ్చింది, చాలా కాలానికి, తనంతట తనకి. దాన్ని ఇంకొకరు తొందరపెట్టకూడదు. మాస్టారు వేరేలా అనుకుంటే చెప్పండి, వింటాను.

జవాబు (మాస్టారు):

వేరేలా అనుకోను. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

మళ్ళీ నేనే:

తప్పకుండా చెబుతాను మాస్టారూ. ఇంకొక్కటి అడిగి ఆపేస్తాను. వచ్చే ఆదివారం 16వ వచనం. "మా బాహ్య పురుషుడు కృశించుచున్నను, ఆంతర్యపురుషుడు దినదినము నూతన పరచబడుచున్నాడు." నా క్లాసులో సగానికి పైగా ఆడపిల్లలే, పురుషుడు అనగానే ఇది మా గురించి కాదు అనుకుంటారు. మట్టిబుర్ర అనిపించుకున్న పిల్ల కూడా ఉంటుంది. ఏ మాట చెప్పమంటారు?

జవాబు (మాస్టారు):

గ్రీకులో అక్కడ 'ఆంత్రోపోస్', మగవాడు కాదు, మనిషి. పాత తెలుగులో పురుషుడు అన్న మాటకు జీవుడు, ఆత్మ అన్న అర్థం కూడా ఉంది, అనువాదకుడు దాన్నే తీసుకుని ఉంటాడు. పిల్లలకు మాత్రం "లోపలి మనిషి" అని చెప్పండి. పైమనిషి, లోపలి మనిషి.

మళ్ళీ నేనే:

లోపలి మనిషి. ఆదివారం బోర్డు మీద అదే రాస్తాను. పక్కనే కన్ను కంటి, పన్ను పంటి, మన్ను మంటి వరస కూడా ఆ పిల్ల చేతే రాయిస్తాను.