గుంటూరు యార్డుకు మిర్చి తోలడానికి ట్రాక్టర్ ట్రక్కా, బొలెరో పికప్పా?

పల్నాటి రైతు: మాది వినుకొండ దగ్గర పల్లె. ఇన్నాళ్లూ కిరాయి బండ్లలోనే మిర్చి పంపాం. ట్రాక్టరు, దాని వెనక తగిలించే రెండు చక్రాల ట్రక్కు ఇంట్లోనే ఉన్నాయి కదా, దాంట్లోనే వేసుకుపోదామని నాన్న, సెకండ్ హ్యాండ్‌లో బొలెరో పికప్ కొందామని తమ్ముడు. రెండూ తోలినవాళ్లు చెప్పండన్నా.

స్టీరింగ్ బాబాయ్: 1.7 టన్నులు మోసే పికప్ అయితే, టిక్కీ (మిర్చి బస్తా) 45 కిలోలు అనుకున్నా 37 టిక్కీలతో సరి. సీజన్‌లో 37 దగ్గర ఆగేవాళ్లు తక్కువ, 60 ఎక్కించి తాడు బిగించేస్తారు, అంటే టన్ను ఎక్కువ. కమాన్ పట్టీలు (ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు) విరిగేది ఇందుకే. వెనక ఇరుసు దాటి బరువు పడిందా, స్టీరింగ్ తేలిపోతుంది, తిప్పినా బండి మాట వినదు. బరువంతా క్యాబిన్ వైపు సర్దించండి. 2019లో చట్టం మార్చాక ఓవర్‌లోడుకు జరిమానా 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. మిగిలిన కిరాయి డబ్బులు దానికే పోతాయి.

నల్లరేగడి: చేలో నుంచి కల్లం దాకా ట్రాక్టరే. వాన పడితే మా నేలలో పికప్ అడుగు కూడా కదలదు. హైవే మాత్రం వద్దు తమ్ముడూ. మన ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు, మూడు టన్నులు వెనక నుంచి నెడుతుంటే ఆపాల్సింది ట్రాక్టర్ వెనక చక్రాలే. తప్పనిసరై వెళ్తే, కుడికాలి కింద రెండు బ్రేకు పెడళ్లకూ కొక్కెం వేసి కలపండి. దున్నేటప్పుడు విడదీసి అలాగే రోడ్డెక్కితే ఒక పక్క చక్రమే పడుతుంది, ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది, ట్రక్కు వచ్చి మీద పడుతుంది. దిగుడు మొదలవ్వకముందే చిన్న గేరు వేసుకోవాలి, మధ్యలో క్లచ్ తొక్కకూడదు.

ఇంకోటి, రెండు చక్రాల ట్రక్కులో వెనక బరువెక్కువైతే హుక్కును పైకి ఎత్తుతుంది, ట్రాక్టర్ చక్రాలకు పట్టు పోతుంది. మరీ ముందుకేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ మూతి లేస్తుంది.

ఓరుగల్లు పత్తి: మేం ఎనుమాముల మార్కెట్‌కు పత్తి ట్రాక్టర్‌లోనే తీసుకెళ్తాం, సరుకు తేలిక, దూరం తక్కువ. చీకటి పడితే మాత్రం భయమే, లైటు లేని ట్రక్కు వెనక వచ్చే బైకులవాళ్లకు కనపడదు. దయచేసి రేడియం స్టిక్కర్లు అంటించండి. ట్రక్కు పేరు కూడా ఇన్సూరెన్స్ పాలసీలో ఉందో లేదో చూసుకోండి.

పల్నాటి రైతు: కల్లం నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్, అక్కణ్ణుంచి పికప్ అంటే హమాలీ రెండుసార్లు కదా?

స్టీరింగ్ బాబాయ్: అవుతుంది. అందుకే వచ్చే ఏడాది కల్లం రోడ్డు పక్కనే వేసుకోండి, పికప్ నేరుగా వచ్చేస్తుంది. కొనేముందు మాత్రం బండి కింద దూరి చూడాలి. ఛాసిస్‌కు కమాన్ కట్ట దగ్గర వెల్డింగ్ కనిపిస్తే అది బరువు మోసి చితికిన బండే, ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దనండి.